తొమ్మిది రోజుల తొలి రికార్డు: సిల్వర్‌చెయిర్ ‘ఫ్రాగ్‌స్టాంప్’ను ఇవాళ ఎలా వినాలి?

దరువు:

సభ్యులందరికీ నమస్కారం. మా అక్క కొడుకు ఈ ఏడాది పదో తరగతి పూర్తి చేశాడు. అతనూ, ఇద్దరు స్నేహితులూ కలిసి రెండేళ్లుగా మేడమీది గదిలో గిటారు, బేస్, డ్రమ్స్ సాధన చేస్తున్నారు. సొంతంగా కట్టుకున్న పాటలు ఏడెనిమిది పోగయ్యాయి. వాటిని ఇప్పుడే రికార్డు చేసి విడుదల చేయాలని పిల్లల పట్టుదల. ఇంకో నాలుగేళ్లు చెయ్యి తిరిగాక చేయవచ్చు కదా అని ఇంట్లో పెద్దల సలహా. మామయ్యా, నువ్వేమంటావని అతను నన్ను అడిగినప్పుడు నాకు వెంటనే గుర్తుకొచ్చినది ఆస్ట్రేలియా బృందం సిల్వర్‌చెయిర్, 1995 మార్చిలో వచ్చిన వారి తొలి ఆల్బమ్ ‘ఫ్రాగ్‌స్టాంప్’.

తెలియనివారి కోసం కొద్దిగా చెబుతాను. న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలోని న్యూకాజిల్ నగరంలో, సముద్రం ఒడ్డున ఉన్న మెరీవెదర్ అనే పేటకు చెందిన ముగ్గురు బడి పిల్లలు వీరు: గిటారు వాయిస్తూ పాడే డేనియల్ జాన్స్, డ్రమ్స్ వాయించే బెన్ గిల్లీస్, బేస్ వాయించే క్రిస్ జొవాను. 1994లో ఎస్‌బీఎస్ టెలివిజన్‌లోని ‘నోమాడ్’ కార్యక్రమం, ట్రిపుల్ జే రేడియో కలిసి దేశమంతటి కొత్త బృందాల డెమోలకు (నమూనా రికార్డింగులకు) పెట్టిన పోటీలో వీరు ‘టుమారో’ అనే పాటతో గెలిచారు. అప్పటివరకు వీరి పేరు ఇన్నొసెంట్ క్రిమినల్స్. ఆ పాట వీడియో ప్రసారమయ్యే నాటికి సిల్వర్‌చెయిర్ అయింది. సెప్టెంబరులో ‘టుమారో’ ఈపీగా, అంటే కొద్ది పాటల చిన్న రికార్డుగా, వెలువడి ఆస్ట్రేలియాలో ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. తరువాత కెవిన్ షర్లీ నిర్మాణంలో తొమ్మిది రోజుల్లో ఆల్బమ్ రికార్డు చేశారు. అప్పుడు ముగ్గురి వయసూ 15 సంవత్సరాలు. ఆస్ట్రేలియాలోనూ న్యూజీలాండ్‌లోనూ అది మొదటి స్థానానికి చేరింది, అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కించే బిల్‌బోర్డ్ పట్టికలో తొలి పదింటిలో నిలిచింది.

నా ప్రశ్న ఇది. ముప్పై ఏళ్లు దాటిన తరువాత, ఆ పిల్లల వయసును పక్కనపెట్టి వింటే ఆ రికార్డు నిలబడుతుందా? లేక “పదిహేనేళ్లకే ఇంత చేశారా” అన్న ఆశ్చర్యమే దాన్ని మోసుకొస్తోందా? మా వాడికి నేను చెప్పే సమాధానం దీనిమీదే ఆధారపడి ఉంటుంది కనుక, మొహమాటం లేకుండా చెప్పమని కోరుతున్నాను.

నల్లపళ్లెం:

దరువు గారూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి నా అభిప్రాయం సూటిగానే రాస్తాను. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక రాత్రి ఛానెల్ వీలో ‘టుమారో’ వీడియో చూశాను. ఆ గొంతుకూ ఆ ముఖానికీ పొంతన కుదరక కాసేపు అలాగే కూర్చుండిపోయిన మాట వాస్తవం. ఆ తరువాత ఒక మిత్రుడి దగ్గర కాసెట్ తెచ్చుకుని రెండువైపులా ఎన్నోసార్లు విన్నాను. ఎన్నిసార్లు విన్నా నాకు అందులో వినిపించినవి సియాటిల్ నగరపు బృందాలే: నిర్వాణా, పెర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్. మెల్లగా మొదలయ్యే గిటారు, ఒక్కసారిగా విరుచుకుపడే పల్లవి, గొంతును గరగరలాడించి సాగదీసే పద్ధతి, అన్నీ అక్కడినుంచి వచ్చినవే. అప్పట్లో వీరికి ‘పైజామాల్లో నిర్వాణా’ అన్న పేరు ఊరికే రాలేదు.

కాలాన్ని కూడా గమనించాలి. నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ మరణించినది 1994 ఏప్రిల్‌లో, వీరు పోటీ గెలిచినదీ ఆ నెలలోనే. ఆ ధోరణిలో పాడే కొత్తవారి కోసం ప్రపంచమంతటా రికార్డు కంపెనీలు వెతుకుతున్న సమయమది. కంపెనీలు పోటీపడి, చివరకు సోనీ మూడు ఆల్బమ్‌లకు వీరితో ఒప్పందం చేసుకుంది. పిల్లల ప్రతిభను నేను కాదనడం లేదు. కానీ పరాయి గొంతుతో మాట్లాడిన తొలి మాటను తొలి మాటగా లెక్కించవచ్చా అన్నది నా సందేహం. నాలుగేళ్ల తరువాత 1999లో వచ్చిన ‘నియాన్ బాల్‌రూమ్’, 2002లో వచ్చిన ‘డయోరామా’ వింటే, వీరి అసలు సంగీతం అక్కడ మొదలైందని నాకు అనిపిస్తుంది. మీ మేనల్లుడు కూడా తన గొంతు తనకు దొరికేదాకా ఆగడం మంచిదని నా సలహా.

తంబుర:

నేను రాక్ సంగీతం తక్కువగా విన్నదాన్ని. పిల్లలకు వయొలిన్ నేర్పుతుంటాను. దరువు గారి ప్రశ్న చూసి నిన్న రాత్రి ఈ ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా విన్నాను. నల్లపళ్లెం గారి మాటలో ఒకచోట నాకు అభ్యంతరం ఉంది.

మన సంగీతంలో పదిహేనేళ్ల పిల్ల కచేరీ చేస్తే “అచ్చం గురువుగారి బాణీ” అనడం మెచ్చుకోలు. అదే పిల్ల ముప్పై అయిదేళ్లకూ అలాగే పాడుతూ ఉంటే అప్పుడు ఆలోచిస్తాం. పాఠాంతరం, అంటే గురువు దగ్గర నేర్చుకున్న బాణీ, గట్టిపడకుండా మనోధర్మం, అంటే సొంత కల్పన, రాదని మనం నమ్ముతాం. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ తొమ్మిదేళ్ల వయసులో 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు, ఆ బాలుడు కొత్త కృతులు రచించలేదేమని ఎవరూ అడగలేదు. పాత కృతులను ఆ కొత్త వాద్యం మీద, ఎవరూ ఊహించని విధంగా పలికించాడని మాత్రమే చూశారు.

ఈ ముగ్గురు పిల్లలకు ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పే గురువు లేడు. వారికి గురువులు రికార్డులే. బ్లాక్ సాబత్, లెడ్ జెప్లిన్, డీప్ పర్పుల్ వంటి పాతవారిని కూడా వారు బాగా విన్నారని చదివాను, ఆ బరువు గిటారులో నాకు కూడా తెలిసింది. రికార్డు ముందు కూర్చుని నేర్చుకున్న పిల్లలు ఆ రికార్డుల్లాగా వాయించడం అనుకరణ అనే మాటకు లొంగదు, అది వారి శిక్షణ. ఆ శిక్షణ ఎంత గట్టిగా జరిగిందన్నదే నేను చూస్తాను. ‘మ్యాడ్‌మ్యాన్’ అనే పాటలో గాత్రమే లేదు, మూడు వాద్యాలు మాత్రమే. గాత్రం అడ్డులేనప్పుడు తప్పులు దాగవు. కాలప్రమాణం తెలియని పిల్లలు అలా వాయించలేరు.

సముద్రపుగాలి:

మాది విశాఖపట్నం. పై చదువుకు వచ్చి, ఎనిమిదేళ్లుగా ఈ న్యూకాజిల్‌లోనే ఉంటున్నాను. ఈ చర్చలో ఊరి గురించి ఎవరో ఒకరు రాయాలి కనుక రాస్తున్నాను.

ఇది బొగ్గు ఓడరేవు. ఒడ్డున నిలబడితే బొగ్గు కోసం వచ్చిన ఓడలు సముద్రంలో వరుసగా లంగరు వేసి కనిపిస్తాయి. 1915 నుంచి 1999 దాకా ఇక్కడ ఉక్కు కర్మాగారం నడిచింది, అంటే ఈ పిల్లలు పాటలు కట్టుకుంటున్న రోజుల్లో కొలుములు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఉక్కూ ఓడరేవూ సముద్రమూ ఒకేచోట ఉన్న ఊళ్లో పెరిగినదాన్ని కాబట్టి నాకు ఈ ఊరు మొదటి వారంలోనే పరిచయమున్నట్టు తోచింది. మెరీవెదర్ తీరంలో బడి వదిలాక పిల్లలు అలల మీద ఆడే పలకలు చంకన పెట్టుకుని రోడ్డు దాటుతుంటారు. ఈ ముగ్గురూ అలాంటి పిల్లలే.

నల్లపళ్లెం గారు సియాటిల్ ఒక్కటే వినిపించిందన్నారు. మూడో పాట ‘ఫాల్ట్‌లైన్’ మరోసారి వినమని మనవి. 1989 డిసెంబరు 28న ఉదయం పదిన్నర కావస్తుండగా ఈ ఊళ్లో భూకంపం వచ్చింది. తీవ్రత 5.6. మొత్తం 13 మంది చనిపోయారు, వారిలో తొమ్మిది మంది న్యూకాజిల్ వర్కర్స్ క్లబ్ భవనం కూలడంతో పోయినవారే. అప్పటికి డేనియల్ జాన్స్ వయసు పదేళ్లు. ఆ పాట పుట్టినది ఆ భూకంపం నుంచి. ఇక్కడ పెద్దవారితో మాట్లాడితే, ఆ రోజు ఎక్కడున్నదీ ఇప్పటికీ నిమిషాలతో సహా చెబుతారు. మా ఇంటి యజమానురాలు వంటగదిలో గోడ పగిలిన చోటు నాకు చూపించింది. పూత పూసినా వేలితో తడిమితే గీత తెలుస్తుంది. గొంతు ఎవరి దగ్గర నేర్చుకున్నా, ఆ పిల్లవాడు చెప్పుకున్నది తన ఊరి సంగతి. ఇది తెలియకుండా ఆ రికార్డును తూచడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఏడోతీగ:

నేను పాతికేళ్లుగా రికార్డింగ్ పనిలో ఉన్నాను. దరువు గారు అడిగినదానికి నా వృత్తి వైపునుంచి సమాధానం చెబుతాను.

మొదటి పాట ‘ఇజ్రాయెల్స్ సన్’ చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. మొట్టమొదట వినిపించేది బేస్ గిటారు ఒక్కటే. రాక్ ఆల్బమ్‌ను బేస్‌తో, అదీ ఒంటరిగా, అంత బొంగురు నాదంతో మొదలుపెట్టడానికి ధైర్యం కావాలి. అమ్మకాలు ఎరిగిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే అప్పటికే జనానికి తెలిసిన ‘టుమారో’ను ముందు పెట్టమనేవారు. ఇప్పుడు అదే పాట చివరికి వెళ్లండి. అక్కడ ఒకే పదబంధాన్ని తిప్పితిప్పి వాయిస్తూ వేగం పెంచుతారు, ఇంకా పెంచుతారు, ఇక చేతులు ఆడవేమో అన్నంత వేగానికి తీసుకెళ్లి అక్కడ వదిలేస్తారు. ఈ వేగం కొలత ప్రకారం పెరగదు. డ్రమ్స్ వాయించే పిల్లవాడు తోస్తాడు, మిగతా ఇద్దరూ పట్టుకుంటారు, మళ్లీ తోస్తాడు. చెవిలో తాళం కొట్టే క్లిక్‌కు కట్టుబడి ఒక్కొక్కరుగా వచ్చి వాయించి వెళ్లేవారికి ఇది అంత సులువుగా దొరకదు. ఏళ్ల తరబడి ఒకే గదిలో ఒకరి చేతులు ఒకరు చూస్తూ వాయించినవారికే దొరుకుతుంది. నా దృష్టిలో ఆ చివరి భాగమే ఈ రికార్డుకు సంతకం, అది ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

తొమ్మిది రోజుల సంగతి. తక్కువ రోజుల్లో చేయడం గొప్ప అని నేను అనను. కానీ పదకొండు పాటలను తొమ్మిది రోజుల్లో ముగించాలంటే, స్టూడియోలోకి అడుగుపెట్టేనాటికి పాటలు చేతుల్లో ఉండాలి. కెవిన్ షర్లీ తరువాతి కాలంలో ఐరన్ మెయిడెన్, డ్రీమ్ థియేటర్ వంటి బృందాలతో పనిచేసిన నిర్మాత, చేతికి దొరికిన పిల్లల రికార్డును ఎన్ని హంగులతోనైనా నింపగలిగినవాడు. వినిపించేది మాత్రం మూడు వాద్యాలూ ఒక గొంతూ. ఆయన చేసిన మేలు అదేనని నేను అనుకుంటాను.

పెద్దలు వేరే దారిలో వెళ్తే ఏమవుతుందో చెప్పడానికి కూడా ఒక ఉదాహరణ ఉంది. 1976లో మెర్క్యురీ సంస్థ ద్వారా అమెరికాలో ది రనవేస్ అనే అమ్మాయిల బృందం తొలి రికార్డు వచ్చింది. అందరూ పదహారు, పదిహేడేళ్లవారు. అట్టమీద బేస్ వాయించేది జాకీ ఫాక్స్, కానీ రికార్డులో బేస్ వాయించినది నైజెల్ హారిసన్ అనే వృత్తి కళాకారుడు. బృందాన్ని నడిపించిన నిర్మాత కిమ్ ఫౌలీ ఆమెను వాయించనివ్వలేదు. ఆ రికార్డు మంచిదే. అయినా తన తొలి రికార్డులో తన చేయి లేని అమ్మాయి సంగతి నాకు ఎప్పుడూ మనసులో మెదులుతూనే ఉంటుంది. దరువు గారూ, మీ మేనల్లుడి రికార్డులో తప్పులు ఉంటే ఉండనివ్వండి. ఎవరో వచ్చి సరిదిద్ది వాయించిన రికార్డు మాత్రం వద్దు.

నల్లపళ్లెం:

రెండు రోజులుగా ఈ చర్చ చదువుతూ ఆల్బమ్‌ను మళ్లీ నాలుగుసార్లు విన్నాను. సముద్రపుగాలి గారు చెప్పిన భూకంపం విషయం నాకు ఇన్నేళ్లూ తెలియదు. తెలిసిన తరువాత ‘ఫాల్ట్‌లైన్’ వేరే పాటగా వినిపించిందని ఒప్పుకుంటున్నాను. ఏడోతీగ గారు చూపించిన ముగింపు విషయంలోనూ నాకు వాదన లేదు. ఆ వేగాన్ని నేను కుర్రతనపు దూకుడుగా మాత్రమే విన్నాను. దాని వెనకున్న కట్టుబాటు నా చెవికి అందలేదు.

అయితే ఒక మాట వదులుకోను. ఈ రికార్డులో సాహిత్యం బలహీనం. ‘టుమారో’ పాటకు మూలం ఎస్‌బీఎస్‌లో చూసిన ఒక కార్యక్రమం: పేదవాడొకడు డబ్బున్నవాణ్ని తమవంటివారు బతికే చోటుకు తీసుకెళ్లి చూపిస్తాడు, అతను బయటపడాలని గోలపెడితే రేపటిదాకా ఆగమంటాడు. ఊహ చక్కగా ఉంది. పాటలో మాత్రం ఆ ఇద్దరు మనుషులు ఎవరో, ఎక్కడున్నారో వినేవారికి అందదు. అక్కడా ఇక్కడా పెద్ద మాటలు, చావు, యుద్ధం, ద్వేషం కనిపిస్తాయి, అనుభవం కనిపించదు. ఇది వయసు తెచ్చిన లోపం, దాన్ని వయసు పేరు చెప్పి మాఫీ చేయనవసరం లేదు. లోపం ఉందని చెబుతూనే ఆ రికార్డును ఇష్టపడవచ్చు. నా మొదటి టపాలో ఆ రెండో సగం రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

తంబుర:

సాహిత్యం విషయంలో నల్లపళ్లెం గారితో ఏకీభవిస్తాను. దానికి ఒక చిన్న చేర్పు: చూసినదాన్ని రాసినచోట, అంటే భూకంపం పాటలో, మాట గట్టిగా ఉంది. టెలివిజన్‌లో చూసినదాన్ని రాసినచోట పలచబడింది. దరువు గారి మేనల్లుడికి ఈ సంగతి చెప్పవచ్చు. వారి మేడ, వారి బడి, వారి వీధి గురించి రాసిన పాటలు ఆ ఏడెనిమిదిలో ఎన్ని ఉన్నాయో అడిగి చూడండి.

వెన్నెలవాకిలి:

ఇక్కడ అందరూ సంగీతం గురించి రాశారు. నేను ఇద్దరు పిల్లల తల్లిని, కనుక ఆ పిల్లల గురించి రాస్తాను.

ఆల్బమ్ వచ్చిన 1995లోనే వారు అమెరికాలో రెడ్ హాట్ చిలీ పెప్పర్స్‌తోనూ రమోన్స్‌తోనూ కచేరీలు చేశారు, న్యూయార్క్‌లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్ కప్పు మీద నిలబడి వాయించారు. అవన్నీ చేస్తూ మళ్లీ న్యూకాజిల్‌కు వచ్చి బడికి వెళ్లారు. తల్లిదండ్రులు పర్యటనల్లో వెంట ఉండేవారు. చదువు ఆపకూడదన్న ఆ పట్టుదలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. నలభై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైన రికార్డు చేసిన పిల్లవాణ్ని “రేపు బడి ఉంది, పడుకో” అనడం ఏ తల్లికైనా మాటలు కాదు.

అంత జాగ్రత్త పడినా, ఆ తరువాతి సంవత్సరాల్లో డేనియల్ జాన్స్ తిండి మానేసి కృశించిపోయే అనొరెక్సియా జబ్బుతో బాధపడ్డాడు. దాని గురించి అతనే బహిరంగంగా చెప్పాడు, 1999 నాటి ఆల్బమ్‌లో పాటగానూ రాశాడు. తొలి రికార్డు వల్లనే ఆ జబ్బు వచ్చిందని నేను అనడం లేదు, అలా అనే హక్కు నాకు లేదు. నేను అడిగేదల్లా ఒకటే: రికార్డు బాగుందా లేదా అని మనం ఎంత శ్రద్ధగా విచారించామో, ఆ పిల్లవాడు ఆ ఏడాది వేళకు తిన్నాడా, కంటినిండా నిద్రపోయాడా అని అంత శ్రద్ధగా అడిగేవారు కూడా ఇంట్లో ఒకరు ఉండాలి. లాస్ ఏంజిలిస్‌కు చెందిన ది లిండా లిండాస్ అనే అమ్మాయిల బృందం 2022లో తొలి ఆల్బమ్ తెచ్చినప్పుడు, దాని నిర్మాత వారిలో ఇద్దరి తండ్రి. ఇంట్లోవారికే అంత నైపుణ్యం ఉండటం అందరికీ కుదిరే పని కాదు. కానీ స్టూడియో గదిలో ఆ పిల్లల ఆకలి కనిపెట్టే మనిషి ఒకరుండటం ఎవరికైనా కుదురుతుంది. దరువు గారూ, ఆ మనిషి మీరే కావచ్చు.

దరువు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మా వాడినీ అతని స్నేహితులనూ కూర్చోబెట్టి మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. తంబుర గారి ప్రశ్న అడిగాను. తాము చూసినదాని గురించి రాసిన పాటలు నాలుగే తేలాయి. ఒకటి వర్షాకాలంలో తమ వీధిలో నీళ్లు నిలిచి బడి మూతపడిన వారం గురించి, ఇంకొకటి బేస్ వాయించే పిల్లవాడి తాతగారి కుట్టుమిషను గురించి. మిగతావి ఎవరి పాటల్లాగానో ఉన్నాయని వాళ్లే చెప్పి పక్కన పెట్టారు. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

నాలుగు పాటలతో ఈపీ మాత్రమే చేయాలని, దసరా సెలవుల్లో ఐదు రోజులు దానికి కేటాయించాలని నిర్ణయించాం. కంపెనీ ఒప్పందాలేవీ లేవు, పెట్టుబడి మా బావగారూ నేనూ పంచుకుంటాం. వంట మా అక్క చూస్తుంది, రాత్రి తొమ్మిది దాటాక వాయించకూడదన్నది ఆమె షరతు. ముగ్గురూ ఒకే గదిలో కలిసి వాయించాలని పిల్లలు కోరుతున్నారు. ఏడోతీగ గారూ, మాకు దొరికిన చోట ఒకే గది ఉంది, పెద్దది కాదు. డ్రమ్స్ మోత గిటారు మైకులోకి వస్తుందని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

ఏడోతీగ:

వస్తుంది, రానివ్వండి. గిటారు యాంప్‌ను (నాదాన్ని పెంచి వినిపించే పెట్టెను) గది మూలకు తిప్పి, వెనక ఒక పరుపు నిలబెట్టండి, సగం మోత అక్కడే ఆగిపోతుంది. బేస్‌ను మైకు లేకుండా నేరుగా రికార్డింగ్ పరికరానికి కలపండి. గాత్రం తరువాత విడిగా పాడించవచ్చు. డ్రమ్స్ మీది తోళ్లు రికార్డింగుకు రెండు రోజుల ముందే మార్చి, పిల్లవాడితో గంటసేపు బాగా వాయించి సాగనివ్వండి. కొత్త తోలు మొదటి రోజంతా శ్రుతి జారుతూనే ఉంటుంది. మొదటి పాట మొదటిసారి వాయించేటప్పుడు, సరిచూసుకోవడానికే అని చెప్పి, వారికి తెలియకుండా రికార్డింగ్ నొక్కి ఉంచండి.